గోడవైపు చూసే పిల్ల

నాలుగు నెలల మా పాపకు పుట్టినప్పటి నుంచి మెడలో కుడిపక్క కండరం బిగుసుకుపోయి ఉంది. ఎప్పుడూ ఎడమవైపే చూస్తుంది. ఏడుస్తున్నా సరే, రోజుకు ఐదుసార్లు మెడకు వ్యాయామం చేయిస్తున్నాను. కుడివైపు తిరగడం అలవాటవ్వాలని, ఎడమపక్క గోడ, కుడిపక్క మనుషులు ఉండేలా పడుకోబెడుతున్నాను.

ఈ రోజు నరసరావుపేటలో ఫిజియోథెరపిస్టు చూసి, "పెద్దగా మార్పు లేదమ్మా" అంది. పాపను ఎత్తుకుని బస్సులో నిలబడే రొంపిచెర్ల చేరాను. పాపను పడుకోబెట్టి, పొయ్యి మీద అన్నం పెట్టి వచ్చేసరికి మామయ్య పాపను తల ఉన్నవైపు కాళ్లు వచ్చేలా తిప్పి పడుకోబెడుతున్నారు. అలా అయితే గోడ కుడిపక్కకు పోయి, పాపకు ఎడమవైపే మనుషులు కనిపిస్తారు.

"ఏంది మామయ్యా, రోజూ ఇట్టాగే తిప్పుతున్నారా?"

"మరేం చేయమంటావమ్మా? గోడకేసి చూస్తా పడుంటే చానా బాధగా ఉంటది. దానికి మాత్రం మనుషుల్ని చూడాలని ఉండదా?"

అరిచే ఓపిక లేదు. పాపను మళ్లీ సరిగ్గా పడుకోబెట్టి, ఆయన్నే కుడిపక్కన కూర్చుని పిలవమన్నాను. చాలాసేపు పిలిచారు. చివరికి పాప కొంచెం, నిజంగా కొంచెమే, తల తిప్పి తాతను చూసి నవ్వింది.

నా చేతులు కనబడితే మాత్రం ఏడుపు లంకించుకుంటుంది. మీ ఇళ్లలో కూడా ఏడిపించే డ్యూటీ అమ్మదేనా?