లైటు ముట్టుకునే ముందు

ధూల్‌పేట్‌లో మా ఇంటిని ఆనుకుని వినాయక విగ్రహాల కార్ఖానా ఉంది. ఫ్యాక్టరీలో కార్మికుల భద్రత చూసే ఉద్యోగం చేసి రిటైరైనవాణ్ణి కావడంతో, అక్కడ కనబడే తప్పులను తేదీతో సహా రాసిపెట్టుకోవడం నాకు అలవాటైంది.

ఆ కార్ఖానాలో కళ్లు దిద్దే పని ఒక్కామెదే. కళ్లు దిద్దడం మొదలైతే అక్కడెవరూ చెప్పులు వేసుకోరు. దేవుడు చూడబోతున్నాడు కదా. వానాకాలం, కింద తడి నేల, ఇనుప స్టాండు మీద పెద్ద లైటు. రెప్ప గీత మీద నీడ పడితే ఆమె ఎడమ చేత్తో స్టాండును పక్కకు లాగేది. ఒకనాడు అలాగే లాగబోయి షాకు తగిలి దూరంగా పడింది. మోచెయ్యి వాచింది, ప్రాణం దక్కింది.

నాకు ఒళ్లు మండింది. యజమానితో కొట్లాడి వైరు మార్పించాను, ఎర్తింగ్ పెట్టించాను. ఆయన 'జాగ్రత్త' అని పెద్ద ఫ్లెక్సీ కూడా కట్టించాడు. వారం తిరక్కుండానే దాని మీద తడి గుడ్డలు ఆరేశారు. సీజనులో వైర్లు కాళ్ల కింద నలుగుతూనే ఉంటాయి కనుక రబ్బరు చెప్పులు వేసుకొమ్మన్నాను.

"దేవుని కండ్లు తెరుస్తుంటే చెప్పులేసుకుంటరా బాపూ?" అని ఆమె నన్నే నిలదీసింది.

"పోనీ, లైటు ముట్టుకునే ముందు ప్లగ్గన్న పీకు."

"సరే" అంది. మర్నాడు ప్లగ్గు జోలికి పోకుండానే లైటు లాగింది. తిట్టాను. ఆ మరుసటి రోజూ తిట్టాను. చివరకు నేను గుమ్మంలో కనబడితే పని ఆపి చాయ్ తాగడం మొదలుపెట్టింది.

చావు తప్పి బయటపడ్డ మనిషి మళ్లీ అదే పని ఎందుకు చేస్తుంది? విశ్వవిద్యాలయంలో మెదడు గురించి పాఠాలు చెప్పే నా మేనకోడలిని అడిగాను.

"ప్లగ్గు తియ్యకుండ జరిపిన ప్రతిసారీ ఆమె పని తొందరగ అయింది, ఏం కాలే. మెదడుకు అదే ఇనాం. ప్లగ్గు తీస్తే ఏమొస్తది? చీకటి, ఎండిపోయే రంగు. నువ్వు తిడితే ఆమెకు యాదుండేది నీ మొహం మామా, వైరు కాదు."

"అయితే ఏం జెయ్యమంటవ్, శాలువ కప్పాల్నా?"

"సరిగ్గ చేసినప్పుడు చెప్పు. ఏం చేసిందో అదే, అప్పటికప్పుడే."

చెయ్యవలసిన పని చేసినందుకు మెప్పేమిటని కోపం వచ్చింది. కానీ నిజమో కాదో చూడాలనీ అనిపించింది. మర్నాడు నోరు మూసుకుని గుమ్మంలో కూర్చున్నాను. నన్ను చూసే కాబోలు, ఆమె ప్లగ్గు పీకి, లైటు జరిపి, మళ్లీ పెట్టింది.

"ప్లగ్గు పీకినంకనే లైటు ముట్టుకున్నవ్. చూసిన" అన్నాను.

ఆమె కుంచె దించింది. "ఏంది బాపూ, పానం బాగలేదా? తిడుతలేవు."

"దవాఖానకు తీస్కపోదామా అక్కా?" అన్నాడు రంగులు కలిపేవాడు.

నేను పద్ధతిగా సాగించాను. ఏమన్నానో, తర్వాత ఏం జరిగిందో రాసుకున్నాను. 'శభాష్' అంటే నవ్వులాటయ్యేది. చూసింది చూసినట్టు వెంటనే చెబితే తలూపి పని చేసుకునేది. కొన్నాళ్లకు, ప్లగ్గు బోర్డు చేతికందే చోట పెట్టిస్తే సుఖంగా ఉంటుందని తానే అడిగింది. పెట్టించాము.

నేను చూస్తున్నానని చేస్తోందేమోనన్న అనుమానం మాత్రం పోలేదు. చవితి ముందురోజు సందులో, ఆమెకు కనబడకుండా లారీ చాటున నిలబడ్డాను. విగ్రహం కోసం కార్వాన్ నుంచి వచ్చిన మండపం వాళ్లు లొల్లి చేస్తున్నారు. "జల్ది కానియ్యక్కా, బ్యాండోళ్లు పోతమంటున్నరు." ఒక కన్ను పూర్తయింది. రెండో కంటి మీద నీడ పడింది. ఆమె ఎడమ చెయ్యి స్టాండు వైపు వెళ్లింది. అరవడానికి నేను నోరు తెరిచేలోపే ఆ చెయ్యి మధ్యలో ఆగి, బోర్డు వైపు తిరిగింది. లైటు ఆరిపోయింది.

"ఏమైందక్కా, కరెంటు పోయిందా?"

"పోలే. నేనే తీసిన. జర ఆగుండ్రి."