అందరి వెనక క్లైవ్

మా వార్‌హోప్ ఊళ్లో క్లైవ్ హాస్కిన్‌లు ఇద్దరు. వారమంతా స్కూలు బస్సు నడిపే క్లైవ్ ఒకడు, ఆదివారం పొద్దున మోటార్‌సైకిల్ మీద అదే కొండరోడ్డు ఎక్కే క్లైవ్ ఇంకొకడు. బస్సు క్లైవ్ వెనక ఇరుక్కున్నవాళ్లు ఊరొచ్చేదాకా తిట్టుకునేవారు. మోటార్‌సైకిల్ క్లైవ్ వెనక పడ్డవాళ్లకు తిట్టుకునేంత వ్యవధి ఉండేది కాదు, రెండు మలుపుల తర్వాత అతను కనబడేవాడు కాదు గనక. ఆ ఇద్దరితోనూ నేను ముప్పై తొమ్మిదేళ్లు కాపురం చేశాను. ఇప్పుడు ఇద్దరూ లేరు.

పెళ్లయిన కొత్తలో అతను కలపమిల్లులో పనిచేసేవాడు. శనివారం మధ్యాహ్నం మిల్లు కట్టేయగానే ఒళ్లంతా రంపపు పొట్టుతోనే బండెక్కి కొండ మీది కొంబోయ్న్ ఊరి దాకా పోయి వచ్చేవాడు. ఆ కొండ మీదికి ఎన్ని మలుపులున్నాయో ఎవరూ సరిగ్గా లెక్కపెట్టలేదు. అతనికి మాత్రం ఎన్ని నిమిషాలు పట్టిందో తెలిసేది. నేను గిన్నెలు తోముతూ, కొళాయి కట్టేసి, బండి చప్పుడు కోసం చెవి ఒగ్గేదాన్ని. తిరిగొచ్చినప్పుడు అతని మొహం ఏట్లో మునిగి లేచిన పిల్లాడి మొహంలా తేటగా ఉండేది. ఆ మొహం చూశాక తిట్టబుద్ధి అయ్యేది కాదు. నాకున్న ఇబ్బందంతా అదే.

అతనికి నలభై ఒకటో ఏట మిల్లు మూతపడింది. బస్సు ఉద్యోగం దొరికింది. చేరిన నెల రోజులకనుకుంటాను, భోజనం దగ్గర కత్తీ ఫోర్కూ పక్కన పెట్టి, ఏదో తప్పు ఒప్పుకుంటున్నట్టుగా అన్నాడు.

"ఆ రోడ్డు మీద ఇరవై ఏళ్లుగా తిరుగుతున్నాను నోరీన్. ఒక్కసారి కూడా చూడలేదు."

బస్సులో సీటు ఎత్తు, వేగం తక్కువ. వాన వెలిశాక మూడు రోజుల దాకా ఏ గట్టు నుంచి నీళ్లు రోడ్డు మీదికి ఊరుతాయో, నాలుగింటికి పాడి ఆవులు ఎక్కడ రోడ్డు దాటుతాయో, ఏ ఇంటి బాట నుంచి కంకర కొట్టుకొచ్చి మలుపు లోపలి అంచున పేరుకుంటుందో అప్పుడు తెలిసింది. కుడి మలుపులో ఒరిగితే బండి మన వైపే ఉన్నా తల మధ్యగీత దాటుతుందని, అదే క్షణాన ఎదురుగా పాల ట్యాంకరు వస్తే ఆ తల ఇక మనది కాదని చెప్పి, అన్నేళ్లూ తన తల అక్కడే వేలాడిందని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

వేగం మానలేదు. ఎక్కడ పోవాలో ఎంచుకున్నాడంతే. కొండ పైభాగాన పచ్చికబయళ్ల మధ్య నాలుగు మలుపులున్నాయి. మొదటిదాని దగ్గర నిలబడితే నాలుగోదాని దాకా కనబడుతుంది. అక్కడ వేగానికి పగ్గాలు వదిలేసేవాడు. మిగతా రోడ్డంతా బస్సులాగే. కనబడే మేరలో ఆగగలగాలనీ, అంతకు మించి పోతున్నావంటే అవతలివాడెవడో నిన్ను బతకనిస్తాడని నమ్ముకుని పోతున్నట్టేననీ మా మోటార్‌సైకిల్ క్లబ్బులో కొత్తవాళ్లకు చెప్పేవాడు.

చెప్పినవాడే ఒకసారి మర్చిపోయాడు. అప్పటికి నేనూ చిన్న బండి ఒకటి కొనుక్కుని నేర్చుకున్నాను. ఇంట్లో చెవి ఒగ్గి కూర్చోవడం కంటే రోడ్డు మీద ఉండటమే నయమనిపించింది. ఆ వసంతంలో పన్నెండు బండ్ల గుంపుకు క్లైవ్ ముందున్నాడు. వెనక ఎవడో తరుముతున్నట్టు వస్తున్నాడని, మలుపులో దుంగల లారీని దాటబోయి, దాటి, అవతలి గట్టుకు రాసుకుపోయాడు. జాకెట్టు మోచెయ్యి చిరిగింది, చిరుగులో నాచు అంటుకుని ఉంది. సాయంత్రం ఆ జాకెట్టు బల్ల మీద పరిచి నేను చెప్పాను: ఒక్కడివే అయితే బాగానే నడుపుతావు, వెనక మనిషి కనబడితేనే నీకు పిచ్చెక్కుతుంది, ఇంకొకసారి ఇలా అయితే నీతో రోడ్డెక్కను, నీ కోసం ఇంట్లో ఎదురుచూడను కూడా. ఇల్లు వదిలి పోతానని కాదు, ఆ చెవి ఒగ్గడం ఇక నా వల్ల కాదని నా ఉద్దేశం. అతనికి అర్థమైంది.

 మూడోరోజు క్లబ్బుకు ఫోన్ చేసి, ఇకనుంచి తాను అందరికంటే వెనక వస్తానన్నాడు. వెనక మనిషే లేకపోతే తరిమేదెవరు? యాభై ఎనిమిదేళ్ల మనిషి తన జబ్బుకు తానే కనిపెట్టుకున్న మందు అది.

మా గుంపు ప్రయాణాలకు ఒక పద్ధతి ఉంది. ఎవరూ ఎవరి వెంటా పడక్కర్లేదు, ఎవరి వేగం వారిది. దారి చీలినచోటల్లా ముందున్న మనిషి తన వెనక వస్తున్న వాళ్లలో మొదటివారిని అక్కడ నిలబెట్టి పోతారు. ఎటు తిరగాలో అందరికీ చూపించడం వాళ్ల పని. పసుపు కోటు వేసుకుని చివర వచ్చే మనిషి కనబడేదాకా అక్కణ్ణుంచి కదలకూడదు. అతను వస్తే అందరూ దాటేసినట్టే. చీలిక దగ్గర ఎవరూ లేకపోతే తిన్నగా పొమ్మని అర్థం. క్లైవ్‌ని అందరూ తోక అనడం మొదలుపెట్టారు. "ఏం తోకా, ఇంకా ఆడుతున్నావా?" అని ప్లంబర్ రాస్ పెటిఫర్ ప్రతి ఆదివారం అడిగేవాడు.

మరుసటి ఏడాది శరత్కాలంలో ఒక ఆదివారం వింగమ్ బయల్దేరాం. తొమ్మిది బండ్లు. పాత సభాభవనం దగ్గర దారి చీలుతుంది. కుడికి తిరిగితే వింగమ్, తిన్నగా పోతే డాయిల్ వాగు రోడ్డు, అది కొంత దూరం పోయి మట్టిబాటైపోతుంది. అక్కడ రాస్‌ని నిలబెట్టారు. దాని తర్వాతి చీలిక దగ్గర నన్ను నిలబెట్టారు. ఒక్కొక్కరే నన్ను దాటిపోయారు. నా లెక్క ప్రకారం ఇంకా రావాల్సినవాళ్లు ముగ్గురు: మందుల షాపు ట్రెవర్, రాస్, అందరి వెనక క్లైవ్. ట్రెవర్ కొత్తగా పెద్ద బండి కొన్నాడు.

కాసేపటికి ఇంకో క్లబ్బువాళ్లు వచ్చారు. వాళ్లకూ చివర పసుపు కోటు మనిషే, క్లైవ్‌లాగే తెల్ల హెల్మెట్టే. నేను మోసపోలేదు, ఆ భుజాలు క్లైవ్‌వి కావు. కానీ ఆ మనిషి వెనకే రాస్ వచ్చాడు. రెండు చేతులూ ఊపి ఆపబోయాను. పలకరిస్తున్నాననుకున్నట్టున్నాడు, తనూ ఉల్లాసంగా చెయ్యి ఊపి పోయాడు.

అంటే పరాయి తోకను చూసి మా తోకే అనుకుని రాస్ తన చోటు వదిలేశాడు. సభాభవనం దగ్గర ఇప్పుడు ఎవరూ లేరు. ట్రెవర్ తిన్నగా పోతాడు. ముందు బండ్లు కనబడకపోయేసరికి అందుకుందామని వేగం పెంచుతాడు. క్లైవ్‌కు ఆ రోడ్డు అరచేతిలా తెలుసు, అది అతని బస్సు దారి. ట్రెవర్ తప్పు దారిన పోవడం వెనక నుంచి చూసి, చిక్కుల్లో పడతాడని వెంటపడతాడు. తరిమేవాడు లేడు సరే, తరమడానికి ఒకడు దొరికాడు. ఇది మేమిద్దరం అనుకోలేదు.

నేను వెనక్కి పోవచ్చు. కానీ పోయానంటే, అతను ఇంకో దారిన వచ్చి నన్ను చూడకపోతే, నా కోసం వెతుక్కుంటూ ఇంకా వేగంగా పోతాడు. ఫోనుకు సిగ్నల్ లేదు. ముందు పోయినవాళ్లు వింగమ్‌లో గంట చూస్తే గానీ వెనక్కి తిరగరు. నా చోటు నాది. బండి దిగి, కంచె గుంజకు ఆనుకుని నిలబడ్డాను. అరగంటయింది, ముప్పావుగంటయింది. ఆవులు కంచె దాకా వచ్చి నన్ను చూసి వెళ్లిపోయాయి.

ఒక పాల ట్యాంకరు వచ్చి మలుపు దగ్గర నెమ్మదించింది. డ్రైవర్ని ఆపి, మోటార్‌సైకిళ్లు ఏమైనా కనబడ్డాయా అని అడిగాను.

"డాయిల్ వాగు దగ్గర ఒకటి పడి ఉందమ్మా. పసుపు కోటాయన రోడ్డు పక్కన కూర్చుని ఉన్నాడు."

"కూర్చునే ఉన్నాడా? పడుకుని కాదు కదా?"

"కూర్చునే. చెయ్యి ఊపాడు, ఆగమనో పొమ్మనో తెలీలేదు. నిండు లోడు, దిగుడు, ఎక్కడ ఆపను?"

అతను పోయాక కూర్చున్న మనిషి గురించే ఆలోచించాను. కూర్చున్నవాడికి నడుము బాగుండాలి. కూర్చున్నవాడికి తెలివి ఉండాలి. చెయ్యి ఊపాడంటే ఒక చెయ్యైనా బాగున్నట్టే. అలా అతన్ని ముక్కముక్కగా బతికించుకుంటూ ఇంకో అరగంట గడిపాను.

ముందు చప్పుడు వినబడింది. ఒకే బండి. గేర్లు మారుస్తున్న తీరు చూస్తే నిండా పిల్లలున్న బస్సు కొండెక్కుతున్నట్టుంది. మలుపు తిరిగి వచ్చింది క్లైవ్. అతని నడుము పట్టుకుని, వెనక సీటు మీద, హెల్మెట్లో ఫెర్న్ ఆకు గుచ్చుకున్న ట్రెవర్. ఎదిగిన మగాళ్లిద్దరు ఒక్క బండి మీద అంత భయభక్తులతో కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. కంచె గుంజ వదిలి గడ్డిలో కూర్చున్నాను.

క్లైవ్ దిగి నా పక్కన కూర్చున్నాడు. ఎంతసేపయిందని అడిగాడు. గంటా పావన్నాను.

"ఇక్కడే ఉన్నావా?"

"ఇంకెక్కడ ఉంటాను? నువ్వు వేగంగా వెళ్లావా?"

అతను హెల్మెట్ పట్టీ వదులు చేసుకున్నాడు. "వెళ్లాను. దాచడం ఎందుకు. రెండు మలుపులు పాత పద్ధతిలోనే వెళ్లాను."

"మూడోది?"

"మూడోది మెకాలిస్టర్ పిల్లలు నా బస్సెక్కే చోటు. ఆదివారమని తెలుసు, అక్కడ ఎవరూ ఉండరనీ తెలుసు. అయినా చెయ్యి దానంతటదే వేగం తగ్గించేసింది. మలుపు తిరిగి చూస్తే ఈ పెద్దమనిషి నడిరోడ్డు మీద కూర్చుని కళ్లజోడు వెతుక్కుంటున్నాడు. ఆ ముందటి వేగంతోనే వచ్చుంటే ఇతని మీదుగా పోయేవాణ్ణి."

"కళ్లజోడు మీదుగా పోనే పోయాడు," అన్నాడు ట్రెవర్.

అతని చీలమండ బెణికిందట, అంతే. బండిని పక్క పొలంవాళ్ల పాకలో పెట్టించడానికే అంతసేపు పట్టింది. ట్యాంకరుకు చెయ్యి ఊపింది నాకు కబురు చెప్పమని.

ఆ తర్వాత క్లైవ్ పదకొండేళ్లు బతికాడు. ప్రతి ఆదివారం తోకలోనే వచ్చాడు. చివరికి ఊపిరితిత్తుల్లో ఎప్పుడో చేరిన రంపపు పొట్టు, పోర్ట్ మెక్వారీ ఆసుపత్రి మంచం మీద, మెత్తటి దిండ్ల మధ్య, నా చెయ్యి పట్టుకుని ఉండగా అతన్ని తీసుకుపోయింది. రోడ్డు తీసుకోలేదు. బాధలో కూడా మనిషికి ఇలాంటి తృప్తులుంటాయని చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు.

ట్రెవర్ పడిన ఆ రోజు వింగమ్ దాకా ఇంకా ఇరవై కిలోమీటర్లుంది. ఎప్పటిలాగే నేను ముందు, అతను వెనక. బయల్దేరిన ఐదు నిమిషాలకు నాకేదో అయింది. అతను బతికే ఉన్నాడు, నేను బతికే ఉన్నాను, రోడ్డు ఎండలో మెరుస్తోంది. యాక్సిలరేటర్ మీద చెయ్యి తిప్పాను. నా చిన్న బండి అంతలా కేక పెట్టడం అదే మొదలు. ఒక మలుపు, ఇంకొకటి, ఇంకొకటి. వంతెన దాటాక ఎడమ మలుపులో వెడల్పుగా పోయి మధ్యగీత అవతలి నుంచి తిరిగి వచ్చాను. ఎదురుగా ఎవరూ రాలేదు. అద్దంలో చూస్తే క్లైవ్ లేడు. ట్రెవర్‌ని మోసుకుంటూ ఎక్కడో బస్సు వేగంతో వస్తున్నాడు.

వింగమ్ రొట్టెల దుకాణం ముందు, నేను జరిగింది చెప్పాక, అందరూ రాస్‌ని వాయిస్తున్నారు. కోటు రంగు చూసి మనిషిని గుర్తుపట్టేవాడు పైపులెలా కలుపుతాడని ఒకరు, ఇకమీదట క్లైవ్ ఫోటో మెడలో వేసి పంపాలని ఇంకొకరు. రాస్ మాత్రం నా కళ్లలోకి చూడలేక నాకు టీ తెచ్చి పెట్టాడు. కాసేపటికి క్లైవ్ వచ్చాడు. ట్రెవర్‌ని దింపి, నా పక్కకు వచ్చి, ఎవరికీ వినబడకుండా మాట్లాడాడు.

"వంతెన దాటాక రోడ్డు మీద నల్లగా చార ఉంది. నీ టైరుదేనా?"

"నాదే."

"మధ్యగీత అవతల ఉంది."

"తెలుసు."

అతను నా టీలో ఒక గుక్క తాగి కప్పు తిరిగి ఇచ్చాడు. "ఎలా ఉంది మరి?"

అబద్ధం చెబుదామనుకున్నాను. "చాలా బాగుంది," అన్నాను.

"అదే మరి కష్టం," అన్నాడు క్లైవ్.