ముసల్దానికి వేడినీళ్ళు

సెరింబెత్‌కు మనుషుల మీద ఎంత నోరో, ఇంజన్ల మీద అంత ప్రేమ. తల నెరిసేదాకా ఆ కజక్ మైదానాల్లో టీఈ-10 జాతి గూడ్సు ఇంజన్లే నడిపాడు. లోపల డీజిల్ కరెంటు పుట్టిస్తుంది, ఆ కరెంటు చక్రాలు తిప్పుతుంది. పొగ నిజమే, మోత నిజమే, కానీ కనుచూపు మేర సాగే బొగ్గు రైలును మంచులో ఈడ్చుకుపోయే సత్తా ఇంకే ఇంజనుకుంది చెప్పండి? డిపోలోకి తళతళలాడే కొత్తవి వచ్చినా అతను తన పాతదాన్నే "ముసల్ది" అని ముద్దుగా పిలుచుకునేవాడు. ఈ చలికాలం అది దారిలో ఒక్కసారి ఆగిపోయినా తుక్కుకు పంపేస్తానని డిపో పెద్ద ముందే తేల్చి చెప్పాడు.

తుజ్‌కుదుక్ హాల్టులో బావి నీళ్ళు ఉప్పు కషాయం. వారానికోసారి సెరింబెత్ రైలుకు తగిలించి తెచ్చే ట్యాంకు వ్యాగనే అక్కడి ఇళ్ళకు మంచినీళ్ళ దిక్కు. అక్కడ పట్టాల పాయింట్లు మార్చే ఉల్బోసిన్ గొట్టం పట్టుకుందంటే చాలు, అతని నోరు లేచేది.

"ఏమ్మా, అలా ఒలకబోస్తున్నావు? ఎండిపోయిన సముద్రాన్ని మళ్ళీ నింపుతున్నావా?"

ఉల్బోసిన్ గొట్టం పక్కన పెట్టి టీ తెచ్చేది. గిన్నె మాత్రం అంచుదాకా నింపి ఇచ్చేది. ఆ వైపు గౌరవించే మనిషికైతే గిన్నె అడుగున కొంచెం పోసి, మళ్ళీ మళ్ళీ పోస్తారు. నిండా పోశారంటే తాగేసి ఇక దయచెయ్యమని. సెరింబెత్ గటగటా తాగి, గొణుక్కుంటూ క్యాబిన్ ఎక్కేవాడు.

ఆ జనవరిలో ఒక మధ్యాహ్నం మంచుగాలి కమ్మేసింది. తుజ్‌కుదుక్ చేరేసరికి ముసల్దాని రబ్బరు గొట్టం పగిలి, ఇంజనును చల్లబరిచే నీళ్ళు చాలావరకు కారిపోయాయి. గొట్టానికి పట్టీ బిగించాడు సరే, నీళ్ళెక్కడివి? ఆపితే మిగిలినవి గడ్డకట్టి ఇంజను పగులుతుంది. ఆపకపోతే కాలిపోతుంది. ఉప్పునీళ్ళు పనికిరావు, చన్నీళ్ళు పోస్తే వేడి ఇనుము చీలుతుంది. ఆ రోజు రైలుకు ట్యాంకు వ్యాగన్ కూడా లేదు.

ఉల్బోసిన్ గుమ్మం ముందు నిలబడ్డాడు. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"ముసల్దానికి దాహమేస్తోందమ్మా," అన్నాడు.

"మా తొట్లో ఉన్నది ఈ వారం తాగడానికే అన్నా."

"తెలుసు. అడిగే మొహం లేదు నాకు."

ఆమె లోపలికి తిరిగి కేకేసింది. "అత్తమ్మా, పెద్ద కళాయి పొయ్యి మీద పెట్టండి. సమోవారు కుంపటి కూడా ముట్టించండి. ఈ వారం మనకి టీ లేదు."

టీ లేని వారం! మాంసం మానమంటే మానుతారేమో గానీ ఆ ఇళ్ళలో టీ మానడమా? అయినా హాల్టులోని ప్రతి పొయ్యీ వెలిగింది. బకెట్ల మీద గొర్రెతోళ్ళు కప్పి, చేతులు మార్చుకుంటూ వేడినీళ్ళు మోశారు. ఉల్బోసిన్ చేతిలో చుక్క ఒలకలేదు. ఇంజను మీద గరాటు పట్టుకుని కూర్చున్న సెరింబెత్ అది చూశాడు. ఇన్నాళ్ళూ కారింది తన వ్యాగన్ గొట్టానికి చిల్లి ఉండబట్టేనని అప్పుడు గాని బుర్రకు తట్టలేదు. సిగ్గుతో చితికిపోయాడు.

ముసల్ది బతికింది. ఆ రాత్రికే రైలును పెద్ద స్టేషనుకు చేర్చింది. సెరింబెత్ ఇంటికి పోలేదు. డిపో పెద్దతో గొంతు చించుకుని పోట్లాడి, ముసల్దానికి ఒకే ఒక్క నీళ్ళ ట్యాంకు తగిలించుకుని మర్నాడే వెనక్కి బయల్దేరాడు. ట్యాంకుకు కొత్త గొట్టం తనే బిగించాడు.

తొట్టి నిండాక ఉల్బోసిన్ టీ తెచ్చింది. సెరింబెత్ గిన్నె అందుకుని లోపలికి చూశాడు. అడుగున రెండు గుక్కలే ఉన్నాయి.

"నీళ్ళు చాల్లేదా అమ్మా?" అన్నాడు.

"బోలెడున్నాయి. కూర్చో అన్నా," అంది ఉల్బోసిన్.