పెద్ద గాలివాన ఏడాది వీలునామా

ఆ రోజుల్లో మా ఇళ్ళలో గాదె నిండినా నిండకపోయినా వంశగౌరవానికి మాత్రం కరువుండేది కాదు. మా ముత్తాత బొబ్బిలి కోటలో దళపతి అని నాన్న చెప్పేవాడు, నేను నమ్మేవాణ్ణి (నాన్నమ్మ మాత్రం ఆ మాట ఎత్తితే తమలపాకు ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకు మార్చుకుని ఊరుకునేది). అరవైల చివర, డిగ్రీ అయ్యి ఉద్యోగం కోసం ఎదురుచూస్తూ, సాలూరులో లారీలు తిప్పే మావ ఇంటికి పెళ్ళిచూపులకు వెళ్ళి ఆ దళపతిని కాస్త గట్టిగానే వాడేశాను. మావ అంతా విని, “మాటలు బాగున్నాయి గానీ, కాయితం ఏదైనా ఉన్నాదేటి? సూపించు, పిల్లనిస్తాను” అన్నాడు. తలుపు వెనక పిల్ల నవ్వింది. ఆ నవ్వు విన్నాక కాగితం తేకుండా ఉండడం నా వల్ల కాలేదు.

విజయనగరం కోర్టులో పాత ప్రొబేట్ కట్టలుంటాయని (పోయినవారి వీలునామాను కోర్టు ఖాయం చేసిన కాగితాలు) తెలిసి, దళపతి మునిమనవడిలా ఛాతీ విరుచుకుని మెట్లెక్కాను. ఏ సంవత్సరం అని గుమస్తా అడిగాడు. మా ఇంట వీలునామా రాసింది పెద్ద గాలివాన వచ్చిన ఏడని నాన్నమ్మ చెప్పింది, అదే అన్నాను. “మన సముద్రానికి సిన్న గాలివాన ఎప్పుడొచ్చింది బాబూ?” అన్నాడాయన. గాలివానకొక కట్ట చొప్పున విప్పుతూ తుమ్మీ తుమ్మీ ఇంటికొచ్చి నాన్నమ్మ మీద విసుక్కుంటే, “మన పనసమాను కూలిపోయిన గాలివాన్రా. ఇంకేటి గురుతు కావాల?” అంది. కోర్టువారు చెట్లకు కూడా కట్టలు కడతారా అని గొణుక్కుంటూ మళ్ళీ వెళ్ళాను.

చివరికి మా ఊరి పేరు, ముత్తాత పేరు ఉన్న కాగితం దొరికింది. వీలునామా ఆయనది కాదు, ఆయన భార్యది. ముత్తాత వృత్తి వ్యవసాయం అని ఉంది, కోట ఊసే లేదు. కింద మా ముత్తవ్వ వేలిముద్ర, దాని పైన ఆవిడ రాయించిన మాట: “గాలివానకు పడిన పనసమానును బొబ్బిలి వీణలు చేసేవారికి అమ్మి, ఊరందరికీ వరి విత్తనాలు పంచితిని. ఆ గింజలు తిరిగి అడిగినవాడు నా కొడుకు కాడు.” అక్కడే కళ్ళు తుడుచుకున్నాను (దుమ్ము అని గుమస్తాకు చెప్పాను).

నకలు తీసుకుని సాలూరు వెళ్ళాను. మావ రెండుసార్లు చదివి, “దళపతి ఏడిరా?” అన్నాడు.

“లేడు మావా. ముత్తవ్వ ఉన్నాది.”

మావ కాగితాన్ని జాగ్రత్తగా మడిచాడు. తర్వాత లోపలికి చూసి, “దళపతులు ప్రతి ఇంటికీ ఒకడుంటాడు. ఇలాటి మనిషి ఉండదు. ఒసే, పంచాంగం అట్టుకురా” అన్నాడు.

ఇప్పటికీ రేడియోలో తుఫాను మాట వినబడితే చాలు, మా ఆవిడ, “ఇది పెద్దదా, సిన్నదా?” అని నా వైపు చూస్తుంది. నాకు అప్పట్లో నేనైన ఆ కుర్రాడు గుర్తొచ్చి నవ్వొస్తుంది. కోర్టు మెట్లు ఎక్కేటప్పుడు అతను ఛాతీ విరుచుకున్నది లేని దళపతిని చూసుకుని. దిగేటప్పుడు మాత్రం, చొక్కా నిండా దుమ్ముతో, నిజంగానే విరుచుకున్నాడు.