మూడో ఖానా కింద నిలకడ నీళ్ళు

వంతెన దగ్గర మేము ట్రక్కు దిగింది సోమవారం ఉదయం 5:40కి. మే నెల. తొమ్మిది మంది ఆడవాళ్ళం, కేంద్ర బలగంలో ఒక సెక్షన్. సెక్షన్ కమాండర్ని నేనే. సామాను: రైఫిళ్ళు తొమ్మిది, రైఫిల్‌కి యాభై తూటాలు, వైర్‌లెస్ సెట్టు ఒకటి, సెర్చిలైట్లు రెండు, గాలి నింపిన ట్యూబులు నాలుగు. ఉప్పు గాలికి తుపాకి గొట్టాలు తుప్పు పట్టేవి. రోజుకు రెండుసార్లు నూనె పెట్టించేదాన్ని.

అది ఉప్పుటేరు మీద రైలు వంతెన. సముద్రం అక్కడికి నాలుగు కిలోమీటర్లు. వంతెనకు ఏడు ఖానాలు, అంటే స్తంభానికీ స్తంభానికీ మధ్య ఏడు ఖాళీలు. పడవలు దాటేంత లోతు మూడో ఖానాలోనే ఉంది. వంతెనను పేల్చేస్తామని ఎవరో బెదిరించారు, అందుకని కాపలా. దిగువన లంకలో ఒక చిన్న పల్లె ఉంది. అక్కడ తాగే నీళ్ళు లేవు. ఎగువన పంపు దగ్గర డ్రమ్ములు నింపుకుని పడవల్లో తీసుకెళ్ళేవారు. పడవల్లో ఎక్కువ మంది ఆడవాళ్ళు. వాళ్ళను సోదా చేయడానికే ఆడ సెక్షన్‌ను పంపారు.

మాది తిరువూరు పక్కన పెనుగొలను. మా వాగులో నీళ్ళు వానలకు వస్తాయి, కిందికి పోతాయి, అంతే. రోజుకు రెండుసార్లు ఎదురు నడిచే ఏరును నలభై రెండేళ్ళ వయసులో మొదటిసారి చూశాను. సముద్రం నీళ్ళు ఎగువకు ఎక్కితే పోటు, వెనక్కి లాగితే పాటు. రెంటి మధ్యా నీళ్ళు ఇరవై నిమిషాలు కదలకుండా ఉంటాయి. దాన్ని నిలకడ అంటారు. బరువెక్కిన పడవ ఆ స్తంభాల మధ్య నుంచి క్షేమంగా దాటాలంటే ఆ ఇరవై నిమిషాల్లోనే దాటాలి.

మా ఆర్డరు ఒక్క పేజీ. పడవలు ఉదయం 6 నుంచి 7 వరకు, సాయంత్రం 6 నుంచి 7 వరకు దాటవచ్చు. మిగతా వేళల్లో మూడో ఖానాకు తాడు అడ్డంగా కట్టి ఉంచాలి. మేము దిగిన రోజు నిలకడ ఉదయం 6:10కి, సాయంత్రం 6:35కి వచ్చింది. ఆర్డరు రాసినవారు ఆ రోజుల్లోనే వచ్చి చూసి రాసి ఉంటారు.

నాకు ప్రతిదీ రాసుకునే అలవాటు. స్తంభం మీద పెయింటుతో గీతలు గీయించి, గంటగంటకూ నీటి మట్టం నా సొంత నోటుబుక్కులో రాశాను. మూడో రోజుకే లెక్క తేలింది. నిలకడ రోజుకు సుమారు యాభై నిమిషాలు ఆలస్యంగా జరుగుతోంది. ఆర్డరులో గంటలు మాత్రం జరగవు.

అయిదో రోజు సోదాలో సత్తెమ్మ పరిచయమైంది. నలభై అయిదేళ్ళుంటాయి. మొగుడు వెంకన్న పడవకు గెడ వేస్తాడు, ఆమె చుక్కాని పడుతుంది.

“ఏమ్మా మేడమ్, మీ ఊళ్ళో ఏరు లేదా?” అంది.

“వాగుంది.”

“ఎటు పారుద్ది?”

“కిందికి.”

“ఒక్క కిందికేనా? అబ్బో, ఎంత బుద్ధిమంతురాలు! మా ఏరు అట్టా చెప్పినమాట వినదమ్మా. పాటులో దాటమంటే మమ్మల్ని తీసుకెళ్ళి స్తంభానికేసి కొట్టుద్ది.”

“నోర్ముయ్యవే, ఆవిడ దగ్గర తుపాకుంది,” అన్నాడు వెంకన్న.

“ఉంటే? పాటుని కాల్చుద్దా?”

మా వాళ్ళందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ వారమంతా వాళ్ళు డ్రమ్ములు సగమే నింపుకుని, నలుగురైదుగురు తోడుపట్టి ఎలాగో దాటారు.

పన్నెండో రోజు శుక్రవారం. అంతకుముందు రెండు రోజులు పంపు మోటారు చెడిపోయింది. లంకలో నీళ్ళు పూర్తిగా అయిపోయాయి. మోటారు బాగవగానే సత్తెమ్మ, వెంకన్న ఆరు డ్రమ్ములు నిండా నింపుకుని వచ్చారు. మధ్యాహ్నం 3:20. నీళ్ళు నిలకడగా ఉన్నాయి. అది నేను ముందే వేసుకున్న లెక్క: పదకొండు యాభైలు అయిదువందల యాభై, అంటే తొమ్మిది గంటల పది నిమిషాలు. 6:10కి కలిపితే 3:20. ఒక్క నిమిషం కూడా తేడా రాలేదు. నాకు లోపల సంతోషం కూడా కలిగింది.

“తాడు దించండమ్మా, ఇప్పుడైతే చిటికెలో దాటేస్తాం,” అంది సత్తెమ్మ. “ఆరింటికి పాటు మంచి ఊపు మీదుంటది. పిల్లలు నీళ్ళకి ఏడుస్తున్నారండి అక్కడ.”

“ఆరింటికే.”

రేడియో ఆపరేటర్ విజయనగరం అమ్మాయి, సెక్షన్‌లో చిన్నది. నా పక్కకొచ్చి మెల్లగా అంది: “మేడమ్, వైర్‌లెస్‌లో కంపెనీ హెడ్‌క్వార్టర్‌ని ఒక్క మాట అడుగుతాను. రెండు నిమిషాల పని.”

“ఆర్డరులో ఆరు అని ఉంది. నీకు మూడు కనిపిస్తోందా?”

ఆ పిల్ల తిరిగి సెట్టు దగ్గరకు వెళ్ళిపోయింది. అడిగితే కంపెనీ కాదనేదని నేను అనుకోలేదు. పద్దెనిమిదేళ్ళ సర్వీసులో ఒక్క ఆర్డరు గురించీ రెండోసారి అడగలేదని నాకు పేరుండేది. ఆ పేరు నాకు ఇష్టం. కారణం అదే. ఇంకొకటి లేదు.

రెండు గంటల నలభై నిమిషాలు వాళ్ళు తాడు పట్టుకుని ఎండలో కూర్చున్నారు. సరిగ్గా 6:00కి తాడు దింపించాను. అప్పటికి పాటు జోరుగా లాగుతోంది. పడవ ఖానాలోకి వస్తూనే అడ్డం తిరిగింది. 6:06కి మూడో స్తంభానికి తగిలింది. డ్రమ్ములన్నీ ఒకే పక్కకు దొర్లాయి. పడవ బోర్లా పడింది.

“కంపెనీ, ఇది వంతెన. పడవ మునిగింది. ఇద్దరు నీళ్ళలో ఉన్నారు. ఓవర్.”

“వంతెన, టైం చెప్పు. ఓవర్.”

“పద్దెనిమిది సున్నా ఆరు. ఓవర్.”

నాలుగు ట్యూబులూ విసిరాం. సత్తెమ్మకు ఒకటి అందింది. ఇద్దరం కిందికి దిగి లాగాం. వెంకన్న పడవ కింద నుంచి బయటికి రాలేదు. మర్నాడు ఉదయం 9:50కి రెండు కిలోమీటర్ల దిగువన, బురదలో దొరికాడు.

పంతొమ్మిదో రోజు విచారణ జరిగింది. స్టేషన్ గదిలో బల్ల, మూడు కుర్చీలు. విచారణకు వచ్చిన అధికారి నా డ్యూటీ రిజిస్టరు పేజీ పేజీ తిప్పి చూశారు. ఒక్క కొట్టివేత లేదు. మెచ్చుకున్నారు.

“నిలకడ వేళ మారుతోందని మీకు ముందే తెలుసా?”

“తెలియదు సార్.”

నోటుబుక్కు నా చొక్కా జేబులోనే ఉంది.

“పడవల వేళలు మార్చాల్సిన అవసరం ఉందా?”

“లేదు సార్.”

సత్తెమ్మ గుమ్మం దగ్గర నేల మీద కూర్చుని ఉంది. లేచి నిలబడింది. “అయ్యా, మేం మూడింటికే వచ్చామండి. మేడమ్ ఉన్నారుగా, అడగండి. చెప్పండి మేడమ్.”

“మూడు ఇరవైకి వచ్చారు సార్. ఆర్డరు ప్రకారం ఆపాను.”

అది నిజమే. నేను ఇంకేదైనా చెబుతానేమోనని సత్తెమ్మ నా వైపు చూసింది. నేను చెప్పలేదు. ప్రమాదానికి పడవ నడిపిన మనిషి అజాగ్రత్తే కారణమని రాసి, ఆమెకు చదివి వినిపించారు. “ఆయన పదేళ్ళప్పట్నించీ గెడ పట్టాడండి,” అంది. ఆ మాట ఎవరూ రాసుకోలేదు. నా సర్వీసు పుస్తకంలో మాత్రం మంచి మాట ఒకటి ఎక్కింది.

నలభై రెండో రోజు కొత్త సెక్షన్ వచ్చింది. వాళ్ళ కమాండర్‌కు రిజిస్టరు అప్పగించి సంతకం తీసుకున్నాను. నోటుబుక్కు అప్పుడైనా ఇచ్చి ఉండవచ్చు. ఇస్తే నేను అబద్ధం చెప్పానని తెలిసిపోతుంది. ఇవ్వలేదు. విజయవాడలో రైలు దిగి తిరువూరు బస్సెక్కాను. డ్యూటీ ఎలా జరిగిందని ఇంట్లో అడిగారు. వంతెనకు ఏమీ కాలేదని చెప్పాను. ఇరవై రెండేళ్ళుగా, ఎవరు అడిగినా అదే చెబుతున్నాను.

కాపలా అప్పగించి వచ్చేసిన ఆ రోజు మా రైలు వంతెన మీదికి వచ్చింది ఉదయం 9:20కి. నెమ్మదిగా దాటుతోంది. కిటికీలోంచి చూశాను. మూడో ఖానా కింద నీళ్ళు పళ్ళెంలో పోసినట్టు కదలకుండా ఉన్నాయి. తాడు కట్టే ఉంది. తాడుకు ఇవతల ఆరు పడవలు, నిండు డ్రమ్ములతో. మొదటి పడవలో సత్తెమ్మ. పడవల్లో ఒక్కరూ నీళ్ళ వైపు చూడటం లేదు. అందరూ తలలెత్తి, వంతెన మీద తాడు దించాల్సిన సెంట్రీ చేతి వంకే చూస్తున్నారు.