అభినందనలు, మీరు ఫిట్

గోదావరిఖనిలో ఒక బొగ్గుగని కార్మికుడికి "మీరు ఫిట్, అభినందనలు" అని చెప్పి, పక్కన చప్పట్ల బొమ్మలు కూడా పెట్టి, తన్నులు తినకుండా ఇల్లు చేరిన ఇంగ్లిషు మాస్టరు నేనొక్కణ్ణే. తప్పించుకోవడం నా తెలివి కాదు. నన్ను కొట్టాల్సిన పెద్దమనిషికి కుడి చెయ్యి భుజం దాటి లేవదు, అంతే.

మీరు నవ్వుకోండి. నాకు మాత్రం అది గుర్తొస్తే ముందు నవ్వు, వెనకే ఒళ్లు మండిపోయేంత కోపం వస్తాయి. కోపం ఆ ఇరవైనాలుగేళ్ల వెధవ మీద. వాడు నేనే కాబట్టి పట్టుకుని నాలుగు తగిలించే వీలు కూడా లేదు.

అప్పుడే గుంటూరు నుంచి వచ్చాను. చౌరస్తా దగ్గర బట్టల దుకాణం పైన స్పోకెన్ ఇంగ్లిష్ సెంటర్లో సాయంత్రం బ్యాచ్ నాది. మొదటి రోజు ఇరవై మంది వచ్చారు. నెల తిరిగేసరికి ఆరుగురు మిగిలారు, అందులో ఇద్దరు ఫ్యాను కింద కునుకు తీయడానికి వచ్చేవాళ్లు. మొదటి షిఫ్టు చేసినవాళ్లకు నిద్ర, రెండో షిఫ్టు వాళ్లకు డ్యూటీ. నేను గొంతు చించుకుంటుంటే ఒకడు ఆవలించేవాడు, వాణ్ణి చూసి మిగతా అయిదుగురూ ఆవలించేవాళ్లు. ఇట్లయితే బ్యాచ్ ఎత్తేస్తానని సెంటర్ యజమాని చెప్పేశాడు. నాకు విద్యార్థుల మీద కోపం, యజమాని మీద కోపం, ఇంగ్లిషు కనిపెట్టినవాడి మీద కోపం.

అందరికన్నా ఎక్కువ కోపం రాజం మీద. ఆయనకు యాభై ఆరేళ్లు. ముప్ఫై ఏళ్లుగా భూగర్భ గనిలో పని. ఒక్కరోజు కూడా మానడు, ఒక్క మాట కూడా మాట్లాడడు. "వాట్ ఈజ్ యువర్ నేమ్?" అంటే నవ్వి తల దించుకుంటాడు. నేను రెండు నెలలు అదే ప్రశ్న అడిగాను, ఆయన రెండు నెలలు అదే నవ్వు నవ్వాడు.

చేరిన రోజు మాత్రం తెలుగులో ఒక మాట చెప్పాడు. "బోర్డుల అంత ఇంగ్లీషే నడుస్తదట సార్. నా బాధ నేనే చెప్పుకోవాలె." ఆ బోర్డు ఏదని అడగాలా వద్దా? నేను అడగలేదు. పాపం ఈ వయసులో ఓపెన్ టెన్త్ కడుతున్నాడు కాబోలు, ఆ పరీక్షల బోర్డు అనుకుని ఊరుకున్నాను. ఇక్కడే నా చెంప నేను వాయించుకోవాలి.

ఆ మధ్య హైదరాబాదులో రెండు రోజుల శిక్షణకు వెళ్లొచ్చాను. క్లాసులో పోటీ పుట్టించండి, రోషం పుట్టించండి, విద్యార్థి వాడే పరుగెత్తుకొస్తాడు అని అక్కడ ఒకాయన కోటు వేసుకుని మరీ చెప్పాడు. నేను దాన్ని బుర్రకెక్కించుకుని ఒక పథకం వేశాను. క్లాసులో మాట్లాడినవాళ్లు ఫిట్, మాట్లాడనివాళ్లు అన్‌ఫిట్. శనివారం సాయంత్రం పేర్లు నల్లబోర్డు మీద రాసి, అవే వాట్సాప్ గ్రూపులో పెట్టాలి. బోర్డు మీద రాసే ఫలితాలు కాబట్టి దానికి "బోర్డ్ రిజల్ట్" అని ఇంగ్లిషులో పేరు కూడా పెట్టుకున్నాను. పేరు తట్టినందుకు నాకు నేనే భుజం తట్టుకున్నాను.

మొదటి శనివారం ఆవలించేవాళ్లను కూడా వదిలేశాను. పోతారేమోనని భయం. నా కోపమంతా ఎక్కడికీ పోని రాజం మీద చూపించాను. పెద్దక్షరాలతో ఆయన పేరొక్కటే కొట్టాను: బోర్డ్ రిజల్ట్, రాజం, అన్‌ఫిట్. ఆయనది బటన్ల ఫోను, అందుకని గ్రూపులో ఆయన కొడుకు నరేష్ నంబరు ఉంది. నరేష్ కిరాయి ఆటో నడుపుతాడు.

మరునాడు ఆదివారం పొద్దున ఇడ్లీ తింటుంటే నరేష్ వచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. వాడి కళ్లలో నీళ్లు. మీ రుణం తీర్చుకోలేనన్నాడు. రాత్రి అమ్మానాన్నా నిద్రపోలేదన్నాడు. మధ్యాహ్నం భోజనానికి రావాల్సిందే, మాంసం తెచ్చామన్నాడు. చూశారా, రోషం పుట్టింది, శిక్షణ పని చేసింది అని నేను మరో రెండు ఇడ్లీలు తెప్పించుకున్నాను.

సెంటినరీ కాలనీలో వాళ్ల క్వార్టర్ ముందు పది జతల చెప్పులున్నాయి. ఇరుగుపొరుగు వచ్చి రాజం చేతులు పట్టుకుని సంతోషం చెప్పి పోతున్నారు. ఆయన భార్య సత్తమ్మ నా నోట్లో లడ్డూ పెట్టింది. ఎవరో నన్ను చూపించి, కొత్తగూడెం కబురు అందరికన్నా ముందు తెచ్చింది ఈ సారేనని చెప్పారు. కొత్తగూడెం ఎందుకొచ్చిందో నాకు అర్థం కాలేదు. లడ్డూ బాగుంది, అడగలేదు.

విస్తరి ముందు కూర్చుని, అందరూ వింటున్నారు కదాని ఉపన్యాసం మొదలుపెట్టాను. అన్‌ఫిట్ అయినా ఇంత సంతోషంగా తీసుకున్న కుటుంబాన్ని నేనెక్కడా చూడలేదన్నాను. అక్కడితో ఆగి ఉంటే అన్నం దక్కేది. "మీరేం దిగులు పడకండి. వచ్చే వారానికల్లా రాజంగారిని ఫిట్ చేసే పూచీ నాది."

కూర వడ్డిస్తున్న సత్తమ్మ చేతిలో గరిటె అట్లాగే ఉండిపోయింది.

"ఎందుకు సారూ, మేమేం పాపం జేసినం మీకు?" అంది.

హోంవర్కుకు భయపడుతోంది అనుకున్నాను. ఇంత అభిమానం చూపించినవాళ్లకు వారం దాకా ఎందుకు, ఇప్పుడే చేస్తే పోలా అని ఫోను తీశాను. బోర్డ్ రిజల్ట్, రాజం, ఫిట్, అభినందనలు. పక్కన చప్పట్ల బొమ్మలు నాలుగు. నరేష్ జేబులో ఫోను మోగింది. వాడు చదివి, ఫోను తండ్రికి చూపించకుండా గోడకేసి తిరిగి నిలబడ్డాడు.

అప్పుడు చెప్పాడు నరేష్, ఒక్కొక్క మాటా కొరుకుతూ. బోర్డు అంటే కొత్తగూడెంలో బొగ్గుగనుల కంపెనీ మెడికల్ బోర్డు. ఈ మనిషి ఇక గనిలో దిగలేడని డాక్టర్లు తేల్చి అన్‌ఫిట్ రాస్తే, ఆ ఉద్యోగం కొడుక్కు వస్తుంది. రిటైర్‌మెంట్ దగ్గరపడితే అదీ రాదు. రాజం రెండు వారాల కింద బోర్డుకు వెళ్లొచ్చి ఫలితం కోసం ఎదురుచూస్తున్నాడు. నా మెసేజ్ చూసి, సార్‌కు అక్కడెవరో తెలిసినవాళ్లున్నారని నమ్మి, నరేష్ పొద్దున్నే ఆటో యజమానికి తాళాలిచ్చేశాడు.

అది క్లాసులో పెట్టిన లిస్టని నేను నత్తినత్తిగా చెప్పాను. అంతవరకూ కిందికి చూస్తున్న రాజం లేచి నిలబడ్డాడు. రెండు నెలలు నోరు విప్పని మనిషి నోరు విప్పాడు, అదీ ఇంగ్లిషులో.

"యూ నో టీచర్. మై నీ గాన్. మై హ్యాండ్ గాన్. థర్టీ ఇయర్స్ అండర్‌గ్రౌండ్. ఐ కెనాట్ క్లైంబ్. నైట్ నో బ్రీత్, నో స్లీప్. యూ సే ఫిట్? హూ ఆర్ యూ?"

మనిషన్నవాడు కాళ్ల మీద పడాలి. నేనేమన్నానో తెలుసా? "మై నీస్ ఆర్ గాన్, అనాలండీ" అన్నాను. సత్తమ్మ నా ముందున్న విస్తరి తీసేసింది.

తీసేసి, గొంతు పెంచకుండా అంది: "ఆయన పానం ఖరాబైందని రాత్రంత సంబురపడ్డం సారూ. పెండ్లాన్ని, నాకే సిగ్గనిపించింది. కొడుకు బతుకుతడని ఆ సిగ్గు గూడ మింగిన. ఇగ మీరు పోండ్రి."

నేను లేచి వచ్చేశాను. ఆ రోజు నా మీద నాకు పుట్టిన కోపం ఇప్పటికీ చల్లారలేదు. ఒళ్లు గుల్లయిందని కాగితం వస్తే లడ్డూలు పంచుకోవాల్సిన బతుకులవి. వాటి మధ్య నేను చప్పట్ల బొమ్మలు పెట్టాను. ఆ సాయంత్రం ఆటో యజమాని ఇంటికి వెళ్లి, గుమ్మంలో గంటసేపు నిలబడి, ఆయన తిట్టినవన్నీ విని తాళాలు తెచ్చి నరేష్‌కిచ్చాను. వాడు తీసుకుని లోపలికి వెళ్లిపోయాడు.

సోమవారం క్లాసు ఖాళీగా ఉంటుందనుకుని వెళ్లాను. నిలబడే చోటు లేదు. రాజాన్ని ఫిట్ చేసినోడెవడో చూద్దామని కాలనీ సగం వచ్చింది. ముందు బెంచీలో రాజం. నన్ను చూసి నవ్వలేదు.

"మళ్లొకసారి రమ్మని బోర్డు నుంచి కాగితం వచ్చింది. నిన్న నిన్ను తిట్టింది ఇంగ్లీషే గద. గదే ఆడ చెప్త. తప్పులుంటే దిద్దు" అన్నాడు.

దిద్దాను. చిక్కేమిటంటే, మామూలుగా అడిగితే ఆయనకు ఒక్క మాటా రాదు. కోపం వస్తేనే వస్తుంది. అందుకని రోజూ సాయంత్రం నేను నల్లబోర్డు ముందు నిలబడి "యూ ఆర్ ఫిట్" అనాలి. ఆయన లేచి నన్ను ఇంగ్లిషులో కడిగెయ్యాలి. మూడో రోజుకు "ఐ కెనాట్ బ్రీత్ ఎట్ నైట్" తప్పులేకుండా వచ్చింది. అది చూసి మిగతావాళ్లకు ఊపొచ్చింది. ఒకడు సూపర్‌వైజర్ని, ఒకడు వాళ్ల మామను ఇంగ్లిషులో తిట్టడం నేర్పమన్నారు. ఆవలింత అన్నది ఆ గదిలో మళ్లీ కనబడలేదు.

రాజం కొత్తగూడెం వెళ్లొచ్చాడు. డాక్టర్లు తెలుగులోనే మాట్లాడారట, అయినా ఈయన వినలేదు, నేర్చుకున్నదంతా ఇంగ్లిషులో చెప్పేసి వచ్చాడట. కొన్నాళ్లకు కాగితం వచ్చింది. అన్‌ఫిట్. ఈసారి అసలుది, ముద్రతో సహా. క్లాసు మధ్యలో లడ్డూల డబ్బాతో వచ్చి నా చేతిలో ఒకటి పెట్టాడు. ఇక రేపటి నుంచి రానన్నాడు.

ఉన్నవాళ్లలో మానకుండా వచ్చేది ఈయనొక్కడే. "మీరు పోతే ఎట్లా రాజంగారూ?" అన్నాను.

"ఫికర్ జెయ్యకు సార్. నేను అన్‌ఫిట్ అయిన గద. నా బెంచీ మా నరేషుకు రాయి" అన్నాడు.

రాశాను. రాసిన ఆ చేత్తోనే రిజిస్టరు చివరి పేజీలో ఇది కూడా రాసుకుని సంతకం పెట్టాను: ఈ బొగ్గుగనుల నేల మీద బతికున్నంత కాలం, ఏ మనిషినీ, ఎంత ముచ్చటేసినా, ఎంత బాగా మాట్లాడినా, ఫిట్ అన్న పాపానికి నేను ఒడిగట్టను.