టీకా వేసిన కాలు

రేపల్లె నుంచి తెనాలి వెళ్లే రైల్లో, మూడో నెల నడుస్తున్న మా పాప జ్వరంతో ఒకటే ఏడుపు. ముందురోజు టీకా వేయించాం, అందుకేలే అనుకున్నాను. ఎదురుగా ఉన్న పెద్దావిడ పాప రెండు పాదాలకూ చక్కిలిగింతలు పెట్టింది. పసిపిల్లలకు నీళ్లు పోయడమే ఆవిడ పనట. పాప ఒక కాలే కదిపింది.

“టీకా ఏ తొడకేశారమ్మాయ్?”

“ఎడం తొడకండి.”

“మరి కుడికాలు కదపట్లేదేంటి? ఇంటికెళ్లమాక. దిగంగానే ఆసుపత్రికి తీసుకుపో.”

తుంటి కీలులో చీము పట్టిందన్నారు. ఆ సాయంత్రమే ఆపరేషన్ చేసి తీసేశారు.

ఇప్పుడు దానికి నాలుగేళ్లు. ఎత్తుకుంటే చాలు, దించమని నా పొట్టలో ఫెడీమని తంతుంది.

“అమ్మని తన్నకూడదే!” అంటారు మా అత్తగారు.

“తన్ననివ్వండి అత్తయ్యా, కుడికాలేగా!” అంటాను.